పీటలోళ్ల ఇంటి పడమటి గోడ

ఎవరైనా కూర్చుని లేస్తే చాలు, ఈరవ్వ ఆ పీటను తీసేది. కొంగుతో ఒకసారి తుడిచేది. కూర్చునే వైపు గోడకు ఆనేటట్టు తిప్పి చిలక్కొయ్యకు తగిలించేది. లేచిన మనిషి ఇంకా చెప్పులు తొడుక్కుంటూనే ఉండేవాడు. పటేలు లేచినా అంతే, పాలేరు లేచినా అంతే. ఏదో మాట గుర్తొచ్చి మళ్లీ కూర్చుందామని తిరిగి చూస్తే నేల ఖాళీగా ఉండేది.

"మనమెప్పుడు లేస్తమా అని సూస్తుంటదీమె" అని నవ్వేవాళ్లు.

ఈరవ్వ నవ్వేది కాదు. ఆ ఇంట్లో ప్రతి పీటకూ కొసన బొటనవేలు పట్టేంత బెజ్జం ఉంటుంది. తగిలించడానికే ఆ బెజ్జం. పొద్దున నేల అలికేటప్పుడు నేల మీద ఏదీ ఉండకూడదన్నది ఇల్లు కట్టినవాళ్ల నేమం.

ఆ ఇల్లు ఎడపల్లికి పడమర, కాలువ దాటినాక, చెరుకు తోటల మధ్య ఉండేది. తూర్పు ముఖాన రెండు దర్వాజలు, ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. ఒకటి ఆడవాళ్లది, ఒకటి మగవాళ్లది. లోపల మేడకు మెట్లు కూడా రెండు వరుసలు. మధ్యలో పొడుగాటి సావడి. దాని పడమటి గోడలో పెరటి దర్వాజ, దానికి అటు తొమ్మిది, ఇటు తొమ్మిది చిలక్కొయ్యలు. ఉత్తరం వైపువి మగవాళ్లవి. దక్షిణం వైపువి ఆడవాళ్లవి. రెండు వైపులా లెక్క ఉత్తరం నుంచి. కొయ్యకూ కొయ్యకూ మధ్య రెండు మూరలు.

కట్టినవాళ్లు మంజీర అవతలి నుంచి వచ్చారు, నిజాం రాజ్యంలో, కాలువ ఇంకా రానప్పుడు. పన్నెండు మంది. వాళ్లలో ఆలుమగలు లేరు. అన్నాచెల్లెళ్ల లాగా బతుకుతామని ఒట్టు పెట్టుకున్నవాళ్లు. ఏ దేవుణ్ని మొక్కేవారో ఊరికి సరిగా తెలియదు. పొద్దుమూకేదాకా మాట్లాడకుండా పని చేసేవారు. సాగ్వాను, అంటే టేకు కట్టెతో పీటలు చేసి బోధన్ అంగడిలో అమ్మేవారు. ఊగని పీట కావాలంటే వాళ్ల దగ్గరే కొనాలనేవారు. తమకు తాము ఏ పేరూ పెట్టుకోలేదు. ఊరు వాళ్లను పీటలోళ్లు అన్నది.

పన్నెండు మందే వచ్చినా, తరవాత వచ్చేవాళ్ల కోసమని కొయ్యలు పద్ధెనిమిది కొట్టారు. తరవాత ఆరుగురే వచ్చారు. ఆరో మనిషి ఈరవ్వ.

ఊళ్లన్నీ జ్వరాలతో పోయిన ఏడు ఆమెను ఎవరో తెచ్చి ఆడవాళ్ల దర్వాజ ముందు వదిలిపెట్టారు. అప్పటికి నాలుగేండ్లు ఉంటాయేమో. రుక్మాబాయి అనే ఆమె ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. ఈరవ్వ ఆమెను బాయి అనే పిలిచేది. ఈరవ్వకు తొమ్మిదో కొయ్య ఇచ్చారు. రుక్మాబాయిది ఎనిమిదోది.

ఆ రోజుల్లో చెరుకు అరుదు. ఈరవ్వకు ఎనిమిదేండ్లప్పుడు ఎవరో అంగడి నుంచి ఒక గడ తెచ్చి ఇచ్చారు. పిల్ల ఆగలేక, చేతికందిన పీట మీద పెట్టి కత్తితో కొట్టింది. గడ తెగింది. కత్తి పీటలోకి కూడా దిగింది. అడ్డంగా, నాలుగు వేళ్ల పొడుగున గాటు పడ్డది. అది రుక్మాబాయి పీట. ఆ ఇంట్లో పీట పాడుచేయడం చిన్న తప్పు కాదు.

రుక్మాబాయి వచ్చి చూసింది.

"వేలు తెగిందా పోరీ?"

"లే."

"చెరుకు తియ్యగున్నదా?"

పిల్ల చేతిలోని గడ వెనక్కి దాచుకుంది.

రుక్మాబాయి గాటులో ఇరుక్కున్న పిప్పి గోటితో తీసింది. పీటను తుడిచి, గాటు గోడవైపు పోయేటట్టు తిప్పి తగిలించింది. ఆ రోజు నుంచి ఎప్పుడూ అట్లాగే తగిలించేది. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆ తరవాత ఈరవ్వ తన చేతికి వచ్చిన పీటలన్నిటినీ అట్లాగే తిప్పడం మొదలుపెట్టింది.

పీటలోళ్లు చచ్చిపోయినవాళ్లను మట్టిలో పెట్టేవారు. పడమటి గోడ అవతలనే. ఎవరి కొయ్యకు ఎదురుగా వాళ్లకు చోటు, గోడ నుంచి సూటిగా పన్నెండు అడుగులు వేసినాక. సగం మట్టి పోశాక చచ్చిపోయిన మనిషి పీటను బోర్లా పరిచేవారు. దాని మీద మళ్లీ మట్టి. పైన బండ గానీ, చెట్టు గానీ, ఏ గుర్తూ పెట్టరు. లోపల గోడ మీద ఒక కొయ్య ఖాళీ అయ్యేది. ఖాళీ అయిన కొయ్యకు ఇంకొకరి పీట తగిలించరు. వచ్చిపోయేవాళ్ల పీటలకు తూర్పు గోడకు వేరే కొయ్యలుండేవి.

తవ్వడం మగవాళ్ల పని. ఆడవాళ్లు బయటికి రారు. చచ్చిపోయిన మనిషి కొయ్యకు ఎదురుగా నేల మీద కూర్చుని, గోడ అవతల పార చప్పుడు ఆగేదాకా లేవరు. ఆ తరవాత కూడా ఆడవాళ్లెవరూ ఆ నేల తొక్కరు.

1955లో రుక్మాబాయి పోయింది. అప్పటికి ఇంట్లో మిగిలింది ఆమె, ఈరవ్వ, ఆత్మారాం అనే ముసలాయన. ఆత్మారాం ఇద్దరు కూలీలను పిలిచి తవ్వించాడు. ఈరవ్వ ఎనిమిదో కొయ్యకు ఎదురుగా ఒక్కతే కూర్చుంది. పార చప్పుడు విన్నది. ఆ చప్పుడు ఆగినాక లేచి నిలబడి ఖాళీ కొయ్యను పట్టుకుంది. అరచెయ్యంత దూరంలో గోడ, గోడ అవతల పన్నెండు అడుగుల దూరంలో బాయి. రోజూ దీపం పెట్టే వేళకు ఆ కొయ్య మీద చెయ్యి వేసి కాసేపు నిలబడేది. తన కొయ్య దాని పక్కనే ఉంది. ఎప్పుడో ఒకనాడు తన చోటు కూడా బాయి పక్కనే. ఆమెకు ఈ లోకంలో నాది అనుకోవడానికి ఉన్నది ఆ రెండు మూరల దూరం ఒక్కటే.

మరుసటి ఏడు ఆత్మారాం మంచం పట్టాడు. పక్క తోట పటేలు బాపురావును పిలిపించాడు. బాపురావు కాలువ కింద చెరుకు వేసి పైకి వచ్చినవాడు. మాట పెద్దది, మనసు చెడ్డది కాదు. తన వెనక ఇల్లూ పొలమూ అతనికి రాసి ఇస్తానని చెప్పి, ఆత్మారాం అన్నాడు:

"మూడు మాటలున్నయి బాపురావ్."

"ముప్పై చెప్పు అన్నా, వింట."

"ఈరవ్వను ఇంట్లకెల్లి కదిలియ్యద్దు. పడమటి గోడ అవతల పన్నెండు గుంటల జాగల నాగలి వెట్టద్దు. ఆడ ఏ గుర్తు గూడ పెట్టద్దు."

"గుర్తు లేకుంటె నా పాలేర్లకు నాగలి ఏడ ఆపాల్నో ఎట్ల ఎరుకైతది?"

"గోడ చెప్తది" అన్నాడు ఆత్మారాం.

బాపురావు తల ఊపాడు. రాష్ట్రం ఆంధ్రతో కలుస్తుందట, మనకు మంచిదా చెడ్డదా అని అడిగాడు. ఆత్మారాం గోడవైపు తిరిగి పడుకున్నాడు. చలికాలం రాకముందే పోయాడు. బాపురావు పాలేర్లు మగవాళ్ల తొమ్మిదో కొయ్యకు ఎదురుగా తవ్వారు. ఈరవ్వ లోపల కూర్చుంది.

బాపురావు మాట నిలబెట్టుకున్నాడు. అతను ఉన్న పద్నాలుగేండ్లూ ఆ పన్నెండు గుంటల్లో గడ్డి తప్ప ఏమీ పెరగలేదు. చుట్టూ చెరుకు మనిషెత్తు పెరిగేది, నరికేవారు, మళ్లీ పెరిగేది. గానుగ కాలంలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూత ఇక్కడికి వినిపించేది. పడమటి గాలి వీస్తే చెరుకు మడ్డి వాసన సావడి నిండా నిలిచేది. ఈరవ్వ ఇల్లు అలికేది, పసుపు ఆరబోసేది, పీటలు తగిలించేది.

బాపురావు భార్య సుమిత్రమ్మకు రెండు దర్వాజలంటే నవ్వు.

"అత్తకొకటి కోడలికొకటి అయితే బాగుండు. మొగోళ్లకెందుకే అవ్వ, వాళ్లెటుకెల్లైనా వస్తరు."

మగవాళ్ల దర్వాజ మూయించి లోపల బస్తాలు పేర్చింది. సావడిలో దక్షిణం మూల పైకప్పుదాకా పసుపు బస్తాలు లేచాయి.  ఈరవ్వ తన దర్వాజ నుంచే వస్తూ పోతూ ఉండేది.

1962 వానల తరవాత ఈరవ్వకు జ్వరం పట్టింది. దిగలేదు. రైలులో నిజామాబాద్ తీసుకుపోయి పెద్ద దవాఖానాలో వేశారు. నెలా పదిహేను రోజులు అక్కడే ఉంది. తిరిగి వచ్చేసరికి తల మీద వెంట్రుకలు లేవు. కాళ్లు వణుకుతున్నాయి. సుమిత్రమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని సావడిలోకి నడిపించింది.

"సూడు అవ్వ, సున్నమేయించిన. పెండ్లిల్లు లెక్కున్నది గద."

గోడ తెల్లగా ఉంది. పెరటి దర్వాజ పెద్దదైంది. ఇంతకు ముందు ఒక మనిషి పట్టేది. ఇప్పుడు బండి వెనకకు వచ్చి ఆనుకుని, బస్తాలు నేరుగా ఎక్కించేంత వెడల్పు.

"కొయ్యలు?" అన్నది ఈరవ్వ.

"ఎక్కడియక్కడ పెట్టిచ్చిన. ఒక్కటి గూడ పోలే. కావాల్నంటె లెక్కవెట్టుకో."

ఈరవ్వ లెక్కపెట్టింది. అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. కొయ్యకూ కొయ్యకూ మధ్య రెండు మూరలు. తొమ్మిదో కొయ్యకు తన పీట వేలాడుతూ ఉంది. కూర్చునే వైపు ముందుకు ఉంది. దాన్ని తిప్పింది. ఎనిమిదో కొయ్య మీద చెయ్యి వేసి నిలబడింది. నిలబడలేక అక్కడే నేల మీద కూర్చుంది. ఆ మూలన బస్తాలు ఉండడంతో, గోడ చివర ఎంత దూరంలో ఉందో కనిపించేది కాదు. చూడాలని ఆమెకు తోచనూ లేదు.

బాపురావు 1970లో పోయాడు. సుమిత్రమ్మ కొడుకుల దగ్గరికి నిజామాబాద్ వెళ్లిపోయింది. పోయే రోజు ఈరవ్వకు ఒక గొంగడి ఇచ్చింది. "నేను కూసున్న పీట నేనే తగిలిచ్చి పోత ఇయ్యాల" అని నవ్వి, తగిలించి, వెళ్లింది. ఆమె బండి కాలువ దాటినాక ఈరవ్వ ఆ పీటను తీసి, తిప్పి, మళ్లీ తగిలించింది.

మూడేండ్లకు కొడుకులు ఇల్లూ పొలమూ అమ్మేశారు. కొన్నది రాజారాం, నిజామాబాద్‌లో బీడీ ఆకు వ్యాపారం చేసేవాడు. జీపులో వచ్చాడు. ఇంటి చుట్టూ తిరిగి, దూలాలు తట్టి చూసి, ఈరవ్వ వేసిన పీట మీద కూర్చున్నాడు.

"అవ్వ, రెండు దర్వాజలెందుకే? పోలీసులు ఒకదాంట్లకెల్లి వస్తె ఇంకోదాంట్లకెల్లి ఉరికెతందుకా?"

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. ఈరవ్వ అతను లేస్తాడేమోనని చూస్తూ నిలబడింది.

"ఇల్లు తీసేస్త. కట్టె మంచిది, ఇసొంటి సాగ్వాను ఇప్పుడు యాడ దొరుకది. ఇంటి జాగ, ఎనక దున్నని పడావు జాగ కలిపి చెరుకే. నీకు మోటరు కాడ అర్ర కట్టిస్త. ఆడనే ఉండు, ఆడనే తిను."

"ఎనక నాగలి వెట్టద్దు సేటూ."

"ఎందుకు?"

ఆమె చెప్పింది. చాలా ఏండ్ల తరవాత అంతసేపు మాట్లాడింది. కొయ్యల సంగతి, పన్నెండు అడుగుల సంగతి, బాపురావు ఇచ్చిన మాట. రాజారాం విన్నాడు. బీడీ ముట్టించబోయి, జేబులో పెట్టుకున్నాడు.

"బాపురావు ఇచ్చిన మాట నాకు కాయితం మీద లేదు అవ్వ. అందరికి జాగ ఇడిస్తె నాకేం మిగుల్తది? ఒక్కరిది చెప్పు. నిన్ను సాదినామె ఉన్నదన్నవు గద, ఆమెది. ఒక్క బండ పాతు. ట్రాక్టరు దాని సుట్టు తిరిగి పోతది. నువ్వు పోయినంక నిన్ను గూడ ఆమె పక్కనే పెడ్త. మాటిస్తున్న."

"గుర్తు పెట్టేది లేదు మాకు."

"గుర్తు లేకుంటె నాగలే. నీ ఇష్టం."

అతను లేచాడు. ఈరవ్వ ఆ పీట తీయడం మరిచిపోయింది. జీపు వెళ్లినాక చాలాసేపు అది నేల మీదనే ఉండిపోయింది.

మూడు రోజులు ఆమె ఏమీ తేల్చుకోలేదు. గుర్తు పెడితే బాయి ఒట్టు తప్పినట్టు. పెట్టకపోతే బాయి మీద నాగలి. నాలుగో రోజు పొద్దున కాలువ గట్టు నుంచి ఒక నల్లరాయి దొర్లించుకుని వచ్చింది. సావడిలోకి పోయి ఎనిమిదో కొయ్య మీద చెయ్యి వేసింది. పెరటి దర్వాజ నుంచి దాని దాకా ఒక కట్టెతో కొలిచి, ఆ దర్వాజ గుండా బయటికి వచ్చి, అవతలి వైపు గోడ వెంట అంతే దూరం కొలిచి ఆగింది. అక్కడి నుంచి పడమరకు సూటిగా నడిచింది. ఆ నేల మీద ఆమె కాలు పెట్టడం అదే మొదలు. పన్నెండు అడుగులు. రాయి అక్కడ పాతింది.

"బాయీ" అన్నది. 

1974 మాఘంలో ఇల్లు విప్పారు. ఎడపల్లి మేస్త్రీ పోశన్న నలుగురిని పెట్టుకుని మేడ నుంచి మొదలుపెట్టాడు. పడమటి గోడ చివర తీయమని ఈరవ్వ అడిగింది. అతను సరేనన్నాడు. చివరికి అదీ పోయింది. కొయ్యలు పద్ధెనిమిదీ ఒక గోనెలో పడ్డాయి. తన పీటను ఈరవ్వ చేతిలో పట్టుకుని నిలబడింది. మోటరు అర్రలో గోడకు కొయ్య లేదు. పీటను మూలన నిలబెట్టింది.

మరునాడు ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు ఆశన్న. చెరుకుకు లోతుగా పోవాలని పెద్ద నాగలి తగిలించాడు. ఉత్తరం నుంచి మొదలుపెట్టాడు. ఈరవ్వ గట్టు మీద కూర్చుంది.

కొద్దిసేపటికే చాళ్లలో కట్టె ముక్కలు పైకి వచ్చాయి. చెదలు తిన్నవి, చేతిలో పొడి అయ్యేవి. తరవాత ఆత్మారాం పీట రెండు ముక్కలై వచ్చింది. ఈరవ్వ వెళ్లి ఏరి, అన్నిటినీ ఒకచోట బోర్లా పెట్టింది. ఏడవలేదు. వాళ్లకు జాగ ఉండదని ఆమెకు ముందే తెలుసు. ఆమె కళ్లు రాయి మీదే ఉన్నాయి. ట్రాక్టరు ఒక్కో చాలు రాయి దగ్గరికి వస్తూ ఉంది. ఇంకా నాలుగు మూరల దూరం.

"ఏందో తట్టింది" అని ఆశన్న ఇంజను ఆపాడు.

నాగలి కొన మీద నిలువుగా ఒక పీట. మట్టి తప్ప దానికి ఏమీ కాలేదు. ఈరవ్వ గట్టు దిగి వచ్చింది. రెండు చేతులతో పీటను తీసింది. కొంగుతో తుడిచింది. అడ్డంగా, నాలుగు వేళ్ల పొడుగున గాటు.

ఆమె రాయి వైపు చూసింది. మళ్లీ పీట వైపు చూసింది.

కట్టెలు బండికి ఎత్తిస్తున్న పోశన్న వచ్చాడు.

"ఏమైందవ్వ?"

"ఇది బాయి పీట."

"మరి నువ్వు బండ ఆడ పాతితివి గద?"

"కొయ్యకెల్లి సూటిగ నడిచిన. పన్నెండు."

పోశన్న వెనక్కి తిరిగి పునాది వైపు చూశాడు. పెరటి దర్వాజ గడప రాయి ఇంకా అక్కడే ఉంది. కాసేపు చూసి, తల మీది రుమాలు తీశాడు.

"అవ్వ, దర్వాజ పెద్దగ చేసింది నేనే. నువ్వప్పుడు దవాఖానల ఉంటివి. ఈ దక్షిణం దిక్కు గోడ నాలుగు మూరలు కొట్టేసినం. ఈ దిక్కు కొయ్యలన్ని నాలుగు మూరలు అటు మూలకు జరిపి కొట్టిన. వరస చెడగొట్టద్దని పటేలమ్మ గట్టిగ చెప్పింది. చెడగొట్టలే. నాకేం తెలుసవ్వ, బట్టలకు కొట్టిన కొయ్యలే అనుకున్న."

ఈరవ్వ వింటూ నిలబడింది. పన్నెండేండ్లు రోజూ దీపం పెట్టే వేళకు ఆమె చెయ్యి వేసి నిలబడిన చోటికి ఎదురుగా, గోడ అవతల, మట్టి తప్ప ఎవరూ లేరు.

"ఆపాల్నా, దున్నాల్నా?" అన్నాడు ఆశన్న.

"ఇయ్యాల్టికి ఆపు" అన్నాడు పోశన్న. ఈరవ్వ వైపు తిరిగాడు. "బండ ఇటు జరుపుదాం అవ్వ. సేటుకు నేను చెప్త. ఏమనడు."

ఆమె పీటను ఎదకు పెట్టుకుని మోటరు అర్రలోకి పోయింది.

తెల్లారి, ట్రాక్టరు రాకముందే, ఈరవ్వ రాయిని పెకిలించింది. దొర్లించుకుంటూ పోయి కాలువలో వేసింది. చాలు దగ్గరికి వచ్చి, పీట లేచిన చోటే మోకాలి లోతు, నాగలికి అందనంత తవ్వింది. రుక్మాబాయి పీటను గాటు కిందికి తిప్పి పరిచింది. మళ్లీ అర్రకు పోయి తన పీట తెచ్చింది. కొంగుతో తుడిచింది. దాని పక్కన బోర్లా పెట్టింది. రెంటి మీద మట్టి పోసి, నేల అలికినట్టు అరచేత్తో సాపు చేసింది.

పొద్దు ఎక్కినాక ఆశన్న వచ్చాడు.

"బండేదవ్వ? నేనేడ ఆగాలె?"

"ఆగకు" అన్నది ఈరవ్వ. గట్టు మీదికి పోయి, వట్టి నేల మీద కూర్చుంది.